203ని కాసేపు పక్కన పెడదాం: యమాషిత ఎందుకు ఓడలేదు

జపాన్ హెవీవెయిట్ జూడో ఆటగాడు యసుహిరో యమాషిత పేరెత్తితే జూడో తెలిసినవాళ్ల నోట మొదట వచ్చేది 203. 1977 అక్టోబరు నుంచి 1985 ఏప్రిల్ దాకా వరుసగా 203 గెలుపులు, మధ్యలో ఒక్క ఓటమీ లేదు. ఆ తర్వాత ఫ్రెంచి హెవీవెయిట్ టెడ్డీ రినేర్ అభిమాని ఎవరో తమవాడి వరుస 154 అంటాడు. ఇక వాదన మొదలవుతుంది: ఎవరిది గొప్ప వరుస, ఎవరి కాలంలో పోటీ గట్టిది, ఎవరు ఎవరిని తప్పించుకున్నారు. ఇదంతా నడుస్తున్నంతసేపూ యమాషిత చాపమీద అసలేం చేసేవాడన్న ప్రశ్న ఎవరికీ గుర్తురాదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యమాషితను బలంగా విసిరే హెవీవెయిట్‌గా గుర్తుపెట్టుకోవడం సగం చూసి వదిలేయడమే. అతని ఆటలో నిలబడి చేసే పనికీ నేలమీద చేసే పనికీ మధ్య ఖాళీ ఉండదు. ఆ కాలపు పెద్ద బరువుల ఆటగాళ్లు చాలామంది ఓడేది, లేదా గెలవాల్సింది పోగొట్టుకునేది ఆ ఖాళీలోనే. అతను దాన్ని పూడ్చేశాడు. 203 దాని పర్యవసానం.

ముందు అంకె సంగతి తేల్చేద్దాం. 203 గెలుపుల మధ్య 7 డ్రాలు ఉన్నాయి. అప్పటి పోటీల్లో, ముఖ్యంగా జపాన్‌లో జరిగే కొన్నిటిలో, డ్రా అనే ఫలితం ఉండేది. ఇప్పుడు గోల్డెన్ స్కోర్ (సమయం ముగిసినా ఫలితం తేలేదాకా సాగే అదనపు ఆట) వచ్చి డ్రాకు చోటు లేకుండా చేసింది. పైగా ఆ లెక్కలో ప్రపంచ పోటీలతోపాటు జపాన్ లోపల ఆడినవి, విద్యార్థి స్థాయివి కూడా కలిసి ఉన్నాయి. ఏడున్నరేళ్లలో 203 అంటే ఏడాదికి సుమారు 27 గెలుపులు. టెడ్డీ రినేర్ 154ని 2010 సెప్టెంబరు నుంచి 2020 ఫిబ్రవరి దాకా, అంటే తొమ్మిదేళ్లు దాటి పోగేశాడు. ఏడాదికి పదహారు చిల్లర. అదీ అంతర్జాతీయ పోటీల లెక్క. కొలబద్దలే వేరైనప్పుడు 203 పెద్దదా 154 పెద్దదా అని తూచడంలో అర్థం లేదు. (రినేర్ వరుసకు రెండు చివర్లా ఉన్నది జపాన్‌వాళ్లే కావడం మాత్రం ముచ్చటైన సంగతి. 2010 టోక్యో ప్రపంచ పోటీల్లో, బరువు పరిమితి లేని ఓపెన్ విభాగం ఫైనల్లో దైకి కమికావా జడ్జీల నిర్ణయంతో అతన్ని ఓడించాడు. 2020 ప్యారిస్ గ్రాండ్ స్లామ్‌లో కొకొరో కగెయురా ఆ వరుసకు తెర దించాడు.)

ప్రపంచ టైటిళ్ల లెక్కదీ అదే కథ. యమాషితకు నాలుగు: 1979 ప్యారిస్‌లో 95 కిలోల పైన, 1981 మాస్ట్రిక్ట్‌లో 95 పైన విభాగంతోపాటు ఓపెన్ కూడా, 1983 మాస్కోలో మళ్లీ 95 పైన. రినేర్‌కు పదికి పైగా ఉన్నాయి కాబట్టి యమాషిత చిన్నవాడనుకుంటే పొరపాటు. అప్పట్లో ప్రపంచ పోటీలు రెండేళ్లకోసారి జరిగేవి. 1977లో బార్సిలోనాలో జరగాల్సినవి తైవాన్ పాల్గొనే విషయంలో గొడవ వచ్చి రద్దయ్యాయి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌కు అతను రిజర్వు మాత్రమే. 1980 మాస్కోను జపాన్ బహిష్కరించింది. అతని చేతికందిన అవకాశాలే తక్కువ, అందినవాటిలో ఒక్కటీ వదల్లేదు. విదేశీ ఆటగాడి చేతిలో అతను జీవితంలో ఒక్కసారి కూడా ఓడలేదు. నన్నడిగితే 203 కన్నా ఈ మాటకే బరువు ఎక్కువ.

ఇక చాపమీదికి వెళదాం.

యమాషిత ఎత్తు 180 సెంటీమీటర్లు, బరువు 128 కిలోల దాపు. హెవీవెయిట్‌లో ఇది పొడుగు కిందకు రాదు. ఎడమ పట్టు అతనిది. ఎడమ చెయ్యి ప్రత్యర్థి కాలర్ మీద, కుడి చెయ్యి ప్రత్యర్థి ఎడమ చేతి స్లీవ్ మీద, ఎడమ కాలు ముందుకు. ఎక్కువమంది కుడి పట్టువాళ్లే కాబట్టి ఇద్దరి ముందు కాళ్లూ ఎదురెదురుగా నిలుస్తాయి, స్లీవ్ చేతుల మధ్య దూరం పెరుగుతుంది. ఈ అమరికలో అతని ప్రధాన ఆయుధాలు మూడు: ఒసోతో-గారి (ప్రత్యర్థి కాలిని బయటినుంచి కోసి వెనక్కి పడేసేది), ఔచి-గారి (కాలిని లోపలినుంచి కోసి వెనక్కి పడేసేది), ఉచిమతా (తొడల మధ్యకు కాలు ఊపి ముందుకు విసిరేది).

ఎడమ ఒసోతో-గారిని విడదీసి చూస్తే పని ఇలా సాగుతుంది. కాలర్ చెయ్యి ప్రత్యర్థి తలను తన ఛాతీకి దగ్గరగా లాగి, అతని బరువును అతని ఎడమ మడమ మీదికి తోస్తుంది. కుడి చెయ్యి స్లీవ్‌ను కిందికి, తన కుడి తుంటి వైపు దించుతుంది. కుడి పాదం ప్రత్యర్థి ఎడమ పాదం పక్కన, కాస్త లోతుగా పడుతుంది. ఛాతీ ఛాతీకి తగిలిన తర్వాతే ఎడమ కాలు లేచి, ప్రత్యర్థి ఎడమ కాలిని వెనకనుంచి కోస్తుంది.

పెద్ద బరువుల్లో ఇది ఎక్కడ చెడుతుందో చెప్పకపోతే పై వివరణకు విలువ లేదు. మొదటి తప్పు, కుడి పాదం లోతుగా పడకపోవడం. పాదం ముందే ఆగిపోతే విసిరేవాడి నడుము వెనకబడి, బరువు తన మడమ మీదే ఉండిపోతుంది. ప్రత్యర్థి అదే దారిలో ఎదురు కోత కోసి ఒసోతో-గాయెషితో పడేస్తాడు. 60 కిలోలవాడు ఇలా దొరికిపోయినా గాల్లో మెలితిరిగి బోర్లా పడి తప్పించుకునే వీలుంది, 130 కిలోలవాడికి అది కుదరదు. రెండో తప్పు, ఛాతీకీ ఛాతీకీ మధ్య ఖాళీ. ఖాళీ ఉంటే కాలు కోసినా పై శరీరం పడదు, అవతలివాడు ఒంటికాలి మీద గెంతుతూ నిలదొక్కుకుంటాడు. మూడోది ఎదురు పట్టులోనే వచ్చే చిక్కు. కుడి పట్టువాడి ఎడమ కాలు వెనక ఉంటుంది కనుక ఎడమ ఒసోతోకు అది అందదు. దూరంనుంచి ఎగబడి కొడితే మొదటి రెండు తప్పులూ వాటంతటవే జరిగిపోతాయి.

యమాషిత ఔచి-గారి ఇక్కడే పనికొస్తుంది. ఎడమ కాలితో ప్రత్యర్థి ముందు కాలిని, అంటే కుడి కాలిని, లోపలినుంచి కొక్కెం వేస్తే అతను ఆ కాలు ఎత్తి తప్పించుకోవాలి. కాలెత్తితే బరువంతా ఎడమ కాలి మీద పడుతుంది. ఒసోతోకు కావలసింది సరిగ్గా ఆ బరువే. ఎత్తకపోతే ఔచికే పడతాడు. ఈ రెంటినీ తట్టుకోవడానికి ముందుకు వంగితే ఉచిమతా సిద్ధంగా ఉంటుంది. దీంట్లో రహస్యమేమీ లేదు, జూడో నేర్పే ప్రతిచోటా చెప్పే కలయికే. తేడా ఒక్కటే. పక్కవాళ్లు ఔచిని ఎరగా వాడతారు, యమాషిత నిజంగా పడగొట్టడానికే కొడతాడు. మొదటి దాడికి భయం పుట్టకపోతే రెండో దాడికి దారి దొరకదు.

అసలు విషయం ఇంకా రాలేదు. ఒసోతోతో పడిన మనిషి ఎలా ఉంటాడో చూడండి. వెల్లకిలా పడ్డాడు. అతని ఎడమ చేతి స్లీవ్ ఇంకా విసిరినవాడి కుడి చేతిలోనే ఉంది. కాలర్ చెయ్యి మెడ పక్కనే ఉంది. విసిరినవాడు అతని పక్కన ఉన్నాడే తప్ప కాళ్ల మధ్య చిక్కుకుని లేడు. నేలమీద పట్టడానికి కావలసిన సామానంతా చేతిలోనే ఉంది. స్లీవ్ వదలకుండా మోకాళ్లమీదికి దిగి ఛాతీ వాల్చితే చాలు. రెఫరీ ఇప్పోన్ (ఆటను అక్కడికక్కడే ముగించే పూర్తి పాయింటు) ఇచ్చాడా, వజారి (దానిలో సగం) ఇచ్చాడా అని తలెత్తి చూసే ఆటగాడు ఈ ఒక్క క్షణాన్ని పారబోసుకుంటాడు. ఈలోగా పడినవాడు పక్కకు తిరిగి, మోకాలు మధ్యలో దూర్చి, బోర్లా పడుకుని ముడుచుకుంటాడు. యమాషిత తలెత్తి చూసేవాడు కాదు. ఫలితం ఏదైనా కిందికి దిగిపోవడమే అతని అలవాటు.

ఔచి తర్వాత పని కష్టం. లోపలినుంచి కోసినవాడు ప్రత్యర్థి రెండు కాళ్ల మధ్యే పడతాడు. కాలు కాలితో పెనవేసుకుని ఉన్నంతవరకూ ఒసాయెకోమి (నేలపట్టు సెకన్ల) లెక్క మొదలవదు, మొదలయ్యాక పెనవేసుకుంటే రెఫరీ తొకెతా (పట్టు విడిపోయింది) అని ఆపేస్తాడు. అందుకే ఔచితో పడేసిన హెవీవెయిట్లు చాలామంది కాళ్ల మధ్య ఇరుక్కుని, పది సెకన్లు ఆయాసపడి, మతె (ఆగండి) అన్న పిలుపు వినగానే లేచి నిలబడతారు. యమాషితకు ఇక్కడ యోకో-షిహో-గతామె చాలా అనుకూలమైన పట్టు. ఆ పట్టులో ఒక చెయ్యి ప్రత్యర్థి మెడ కిందినుంచి పోతుంది, రెండోది కాళ్ల మధ్యనుంచి పోయి బెల్టునో, జూడోగి (జూడో కోటు) అంచునో పట్టుకుంటుంది. కాళ్ల మధ్య పడ్డవాడి చెయ్యి ఎలాగూ అక్కడే ఉంటుంది. మోకాలితో అవతలివాడి తొడను నొక్కిపెట్టి, తన కాళ్లను ఒక పక్కకు లాక్కుని, శరీరాన్ని అడ్డంగా తిప్పితే పట్టు కుదిరినట్టే.

కుదిరాక నిలబెట్టుకోవడం వేరే విద్య. మన కుస్తీలో ప్రత్యర్థి వీపు నేలకు తగిలిందంటే చిత్తు, అక్కడితో అయిపోయింది. జూడోలో అది ఆరంభం. యమాషిత కాలంలో నేలపట్టుతో ఇప్పోన్ రావాలంటే 30 సెకన్లు పట్టి ఉంచాలి. 25 దాటితే వజారి, 20కి యూకో, 10కి కోకా (ఈ రెండూ ఇంకా చిన్న పాయింట్లు). ఇప్పుడు 20 సెకన్లకే ఇప్పోన్ ఇస్తున్నారు. ఆ పది సెకన్ల తేడా కాగితం మీద చిన్నదే. 130 కిలోల మనిషి కింద పడి వంతెనలా నడుము లేపుతూ కొట్టుకుంటుంటే చాలా పెద్దది. యోకో-షిహోలో జరిగే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ ఇవే: నడుము పైకి లేచి ఉంటుంది కాబట్టి కిందివాడు వంతెన వేసి అటు దొర్లించేస్తాడు. లేదా బరువు కడుపు మీద వేస్తారు, అక్కడ వేస్తే ఊపిరి ఇబ్బంది తప్ప కదలిక ఆగదు. బరువు ఉండాల్సింది ఛాతీ ఎముక మీద, మెడ కింది చెయ్యి అవతలి భుజాన్ని తన వైపు లాగుతూ. మూడోది, అవతలివాడి దగ్గరి మోకాలిని మరిచిపోవడం. ఆ మోకాలు లోపలికి దూరితే పట్టు అయిపోయినట్టే.

ఇదంతా అతనికి ఎక్కడినుంచి వచ్చింది? అతను పుట్టింది 1957 జూన్ 1న, కుమామోతో ప్రాంతంలోని యాబె అనే ఊళ్లో. చిన్నప్పుడే భారీ శరీరం, దుడుకు స్వభావం. అతనికి భయపడి తోటి పిల్లలు బడికి రావడం మానేశారని తానే తర్వాత చెప్పుకున్నాడు. జూడోలో పడ్డాక దారిన పడ్డాడు. హైస్కూల్ మధ్యలోనే టోకాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన సగామి పాఠశాలకు మారి, ఆ తర్వాత టోకాయ్‌లోనే చదివాడు. అక్కడ అతనికి దొరికిన గురువు నొబుయుకి సాతో. సాతో 1967లోనూ 1973లోనూ 93 కిలోల విభాగంలో ప్రపంచ విజేత, 1974లో అఖిల జపాన్ విజేత. నేలమీది ఆటకు పేరుపడ్డ మనిషి. సహజంగా విసరగలిగే పెద్ద శరీరాన్ని నేలపట్టు మనిషి చేతిలో పెడితే ఏమవుతుందో యమాషిత చూపించాడు. జపాన్‌లో పెద్ద బరువుల కుర్రాళ్లను చాలాచోట్ల నిలబడి విసరడానికే తయారు చేస్తారు, నేల పనిని రెండో తరగతి పనిగా చూస్తారు. ఈ చిన్నచూపు మూలాన ఆ దేశం ఒకసారి గట్టి దెబ్బే తిన్నది. 1964 టోక్యో ఒలింపిక్స్ ఓపెన్ ఫైనల్లో డచ్ ఆటగాడు ఆంటోన్ గీసింక్ అకియో కమినాగాను కెసా-గతామెతో నేలకు అదిమిపెట్టి, సొంతగడ్డ మీదే ఓడించాడు.

1977 ఏప్రిల్‌లో, ఇరవై నిండకముందే, యమాషిత అఖిల జపాన్ టైటిల్ గెలిచాడు. అంతకు ముందు అంత చిన్న వయసులో ఎవరూ గెలవలేదు. బరువు విభాగాలు లేని ఆ పోటీని అతను 1985 దాకా వరుసగా తొమ్మిదిసార్లు గెలిచాడు. ఒక తమాషా ఏమిటంటే, మొదటి టైటిల్ 203లోకి రాదు. ఆ తర్వాత, ఆ ఏడాది శరదృతువులో ఒక విద్యార్థి పోటీలో ఓడాడు. వరుస మొదలైంది దాని తర్వాతే.

అతని ఆటను ఎంతగా మెచ్చుకున్నా, దాని బలహీనతను కూడా అదే వివరంగా చెప్పాలి. ఎడమ కాలితో కోసేవాడికి శరీరం మొత్తం బరువూ, చాలాసార్లు ప్రత్యర్థి బరువు కూడా, కుడి కాలి మీదే ఆనుతుంది. పాదం కొనలమీద నిలబడి తిరిగేటప్పుడు ఆ భారం పిక్క కండరం మీద పడుతుంది. కోసే కాలు ఎప్పుడూ బయటికి చాచి ఉంటుంది కాబట్టి దానికి పక్కనుంచి దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. అతని కెరీర్‌లోని రెండు పెద్ద గాయాలూ సరిగ్గా ఈ రెండు చోట్లే తగిలాయి.

మొదటిది 1980 మే నెలలో. మాస్కోకు వెళ్లనివ్వమని క్రీడాకారులు కన్నీళ్లతో వేడుకున్నారు, వాళ్లలో యమాషిత కూడా ఉన్నాడు. ఫలితం లేకపోయింది. బహిష్కరణ నిర్ణయం ఖాయమైన మర్నాడే జరిగిన బరువు విభాగాల జాతీయ పోటీలో సుమియో ఎండో అతనిమీద కని-బసామి వేశాడు. పక్కనుంచి గాల్లోకి ఎగిరి రెండు కాళ్ల కత్తెరతో ప్రత్యర్థి కాళ్లను మడిచి వెనక్కి పడేసే ఎత్తు అది. ఎడమ కాలి ఫిబులా ఎముక విరిగింది. ఆ ఆటను డ్రాగా ప్రకటించారు. ఆ ఏడు డ్రాల్లో ఇదొకటి. 203ని కొట్టిపారేసేవాళ్లు ఈ డ్రాను చూపించి, విరిగిన కాలితో బయటికి పోయినవాడు ఓడినట్టే కదా అంటారు. గాయంతో ఆట ఆగినప్పుడు ఫలితం ఏమిటన్నది అప్పటి నిబంధనలు తేల్చాయి, అతను కాదు. కని-బసామిని తర్వాత అంతర్జాతీయ పోటీల్లో నిషేధించారు. కాలు నేలకు గట్టిగా అతుక్కుని ఉన్నప్పుడు మోకాలో మడమో పక్కకు విరగడం తప్ప దానికి మరో దారి ఉండదు.

రెండోది 1984 లాస్ ఏంజెలెస్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. యమాషిత ఆట మొత్తం ఒక్క రోజులో కనిపించేది ఇక్కడే.

అతను దిగింది ఓపెన్ విభాగంలో. 95 పైన విభాగం హితోషి సైతోకు వెళ్లింది, సైతో దాన్ని గెలిచాడు కూడా. ఓపెన్‌లో రెండో ఆట పశ్చిమ జర్మనీకి చెందిన ఆర్థర్ ష్నాబెల్‌తో. ఎడమ ఉచిమతాకు దూరినప్పుడు ఊతకాలి, అంటే కుడి కాలి, పిక్క కండరం చినిగింది. అక్కడినుంచి అతనికి నిలబడి విసిరే దారి దాదాపు మూసుకుపోయింది. ఉచిమతాకు ఊతకాలు తిరగాలి, ఒసోతోకు ఊతకాలు లోతుగా దిగాలి. రెండూ ఆ పిక్క చేసే పనులే. ఆ ఆటను అతను నేలమీద, ఒకురి-ఎరి-జిమెతో ముగించాడు. ముడుచుకున్న ప్రత్యర్థి వెనకనుంచి ఒక చెయ్యి గడ్డం కింద దూర్చి ఎదుటి కాలర్ అందుకుని, రెండో చేత్తో మిగిలిన కాలర్‌ను కిందికి లాగి గొంతు బిగించే పట్టు అది. దీనికి కాళ్ల బలంతో పెద్దగా పని లేదు.

సెమీఫైనల్లో ఫ్రెంచి ఆటగాడు లారాన్ దెల్ కొలంబో. కుంటుతూ వచ్చినవాడి మీద మొదట్లోనే ఒసోతో-గారి కొట్టి కోకా సంపాదించాడు. విదేశీయుడి చేతిలో యమాషిత అలా పడటం ఆనాటి ప్రేక్షకులకు కొత్త. ఆ తర్వాత యమాషిత అతన్ని పడగొట్టాడు, పడగొట్టిన ఊపులోనే నేలపట్టులోకి దిగాడు, రెండూ కలిపి గెలిచాడు. విసరడం ఒక్కదానితో ఇప్పోన్ తెచ్చే శక్తి ఆ కాళ్లలో లేదు. వజారి స్థాయి విసురును గెలుపుగా మార్చింది ఆ తర్వాతి నేలపట్టే. విసిరి ఆగే అలవాటున్నవాడైతే ఆ రోజు కంచు పతకానికి ఆడుతుండేవాడు.

ఫైనల్లో ఈజిప్టుకు చెందిన మొహమ్మద్ రష్వాన్. ఇక్కడే ఒక కథ గట్టిగా పాతుకుపోయింది: రష్వాన్ గాయపడ్డ కాలిని తాకకూడదని నిశ్చయించుకున్నాడు, అందుకే ఓడాడు, అందుకే అతనికి ఫెయిర్ ప్లే పురస్కారం వచ్చింది. పురస్కారం నిజం. పతకాల వేదిక ఎక్కడానికి అతను యమాషితకు చెయ్యి అందించడమూ నిజం, చూడముచ్చటైన దృశ్యం. కానీ రష్వాన్ మొదటి బలమైన దాడే గాయపడ్డ కాలి వైపు వచ్చింది, యమాషిత కూడా ఈ మాట చెప్పాడు. ఆ కాలిమీద దాడి చేయడంలో తప్పేమీ లేదు, గాయాన్ని తొక్కడం వేరు, మామూలు ఎత్తు వేయడం వేరు. ఈ త్యాగం కథ రష్వాన్‌ను దయతో ఓడిన మనిషిగా, యమాషితను దయతో గెలిచిన మనిషిగా చేస్తోంది. ఇద్దరికీ అన్యాయమే. జరిగింది సాంకేతికంగా చాలా స్పష్టం. రష్వాన్ దాడికి దిగాడు, యమాషిత తప్పించుకున్నాడు, ఊపు ఆపుకోలేక రష్వాన్ నేలమీద పడ్డాడు, మరుక్షణం 128 కిలోలు అతని మీదికి దిగాయి. యోకో-షిహో-గతామె. ఆట మొదలైన 1 నిమిషం 5 సెకన్లకు ఇప్పోన్. అందులో నేలపట్టుకు పోయినవి 30. అంటే ఇద్దరూ నిలబడి ఆడింది అర నిమిషం పైచిలుకు మాత్రమే. ఆ కాలితో పూర్తి సమయం లాగడం అతనివల్ల అయ్యేది కాదని అతనికి తెలుసు.

సోవియట్లు ఆ ఒలింపిక్స్‌కు రాలేదన్న అభ్యంతరం ఒకటుంది, అది సహేతుకమే. దానికి సమాధానం 1981లో దొరుకుతుంది. మాస్ట్రిక్ట్ 95 పైన ఫైనల్లో అతను ఓడించింది సోవియట్ ఆటగాడు గ్రిగొరి వెరిచెవ్‌నే. రెండేళ్ల తర్వాత మాస్కోకే వెళ్లి టైటిల్ గెలుచుకొచ్చాడు. అతని ఒకే ఒక్క ఒలింపిక్ స్వర్ణం వచ్చిన ఓపెన్ విభాగాన్ని మాత్రం ఆ తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు.

సైతో గురించి చెప్పకుండా ఈ కెరీర్ గురించి మాట్లాడటం అన్యాయం. ఆఓమోరిలో పుట్టిన సైతో యమాషిత కన్నా దాదాపు నాలుగేళ్లు చిన్న, బరువులో అంతకన్నా పెద్ద. వీళ్లిద్దరూ ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదిసార్లూ యమాషితే గెలిచాడు. 1983, 84, 85 మూడేళ్లూ అఖిల జపాన్ ఫైనల్ వీళ్లిద్దరి మధ్యే. 1985 ఏప్రిల్ 29 నాటి ఆఖరి ఫైనల్లో యమాషిత కాలు వేయబోగా సైతో మీదపడి అతన్ని వెనక్కి తోసేశాడు. రెఫరీ ఏ పాయింటూ ఇవ్వలేదు. దాని మీద వాదన ఈనాటికీ ఉంది, నా దృష్టిలో ఏదో ఒక చిన్న పాయింటు ఇచ్చి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ తర్వాత సైతో దాడి తగ్గించాడు, యమాషిత పెంచాడు, చివరికి నిర్ణయం యమాషిత వైపు వెళ్లింది. ఆ ఆటలో నేలపట్టు గెలిపించలేదు. సైతో బరువును, నిలకడను పడగొట్టడం అప్పటికే యమాషిత తరం కాలేదు. ఆ జూన్ 17న, 28 నిండిన రెండు వారాలకు, అతను రిటైరయ్యాడు.

సరైన సమయంలో తప్పుకుని వరుసను కాపాడుకున్నాడని కొందరు ఎత్తిపొడుస్తారు. ఇంకో ఏడాది ఆడి ఉంటే సైతో చేతిలోనే ఓడేవాడని నేనూ అనుకుంటున్నాను. దాన్ని ఎత్తిపొడుపుగా తీసుకోవాల్సిన పనిలేదు. ఊతకాలి పిక్క చినిగి, కోసే కాలి ఎముక విరిగి అతికిన శరీరం అది. సైతో దారి కూడా పూలబాట కాలేదు. అదే ఏడాది సియోల్ ప్రపంచ పోటీల ఫైనల్లో కొరియా ఆటగాడు చో యోంగ్-చుల్ చేతిలో మోచెయ్యి దెబ్బతిని ఓడాడు, తర్వాత మోకాలు పోయింది. అయినా 1988లో అఖిల జపాన్, సియోల్ ఒలింపిక్ స్వర్ణం రెండూ గెలిచాడు. ఆ ఒలింపిక్స్‌లో జపాన్ జూడోకు దక్కిన స్వర్ణం అదొక్కటే.

ఈ ఆటకు ఇప్పటి హెవీవెయిట్‌లో చోటుందా? 2016 రియో ఫైనల్ చూసినవాళ్లు లేదంటారు. రినేర్, హిసయోషి హరసావా. విసురు లేదు, నేలపట్టు లేదు. రినేర్‌కు ఒక షిదో (చిన్న తప్పుకు వేసే శిక్ష), హరసావాకు రెండు, అంతే స్వర్ణం. పొడుగు చేతులతో కాలర్ పట్టు ఆపేసి, అవతలివాడు దాడి చేయడం లేదని రెఫరీ నమ్మేలా చేయడం కూడా నైపుణ్యమే, కాదనను. చూడటానికి మాత్రం చిరాకు. ఇప్పుడు షిదోల తేడాతోనే ఆట తేల్చే పద్ధతి పోయింది, నేలపట్టుకు కావలసిన సెకన్లు తగ్గాయి. 2025 నుంచి యూకో తిరిగొచ్చాక 5 సెకన్ల పట్టుకు కూడా విలువ ఉంది. విసురు పూర్తిగా కుదరకపోయినా వెంటనే కిందికి దిగేవాడికి ఇంతకన్నా అనువైన నిబంధనలు యమాషిత కాలంలో లేవు. మతె పిలుపు తొందరగా వస్తుందన్న ఫిర్యాదు నిజమే. అందుకే చేతులు పడేటప్పటికే పట్టులో ఉండాలి, పడ్డాక వెతుక్కుంటే సమయం చాలదు.

ఇది వీడియోల్లో చూడాలనుకునేవాళ్లు 1984 ఆటలను వరుసలో చూడండి: ష్నాబెల్, దెల్ కొలంబో, రష్వాన్. మొదటిసారి చూసేటప్పుడు కళ్లు ఎలాగూ కాళ్లమీదికే పోతాయి, పోనివ్వండి. రెండోసారి వేగం సగానికి తగ్గించి చేతులు మాత్రమే చూడండి. ప్రత్యర్థి వీపు నేలకు తగిలే క్షణంలో ఆపి, యమాషిత రెండు చేతులూ ఎక్కడున్నాయో గమనించి, రెండు సెకన్లు ముందుకు జరిపి మళ్లీ ఆపండి. తర్వాత ఇదే పనిని మీకు నచ్చిన ఇప్పటి హెవీవెయిట్ ఆటలో చేసి చూడండి. ఎంతమంది స్లీవ్ వదిలేసి రెఫరీ చెయ్యి వైపు చూస్తున్నారో లెక్కపెట్టండి.